ఒండ్రు వెనక్కి అడిగిన మనిషి

నరసరావుపేటలో మా ఇంటి పక్క స్థలాన్ని మెరక చేయడానికి నిన్న పొద్దున ఒక ట్రాక్టరు చెరువు మట్టి తెచ్చి, మా గేటుకు సగం అడ్డంగా పోసి వెళ్లిపోయింది. తడి ఇంకా ఆరలేదు. ఎండ తగిలేకొద్దీ వాసన లేచింది. కుళ్లిన జమ్ము వేళ్లూ నత్తగుల్లలూ చేపల బుట్ట కడిగిన నీళ్లూ కలిస్తే వచ్చేలాంటి వాసన. మంచి వాసన అని చెప్పను. అయినా టీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. ఒక గడ్డ తీసి వేళ్లతో నలిపితే జిగురుగా సాగింది. అంటే ఇది పైపొర కాదు, చెరువు అడుగు మట్టి. ఎక్కడో కట్ట పక్కన లోతుగా తవ్వి తెచ్చారు. ఏ ఊరి చెరువని స్థలం యజమానిని అడిగితే, "ఏ చెరువైతే ఏందక్కా, మట్టి మట్టేగా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇలాంటి మాటకు ఒళ్లు మండటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నేర్పిన మనిషి ఉన్నారు. ఆయన పోయిన నెలలోనే కన్నుమూశారు.

ఆయన పేరు దేవదానం గారు. ఎనభైల్లో, గురజాలలో చెరువుల పనులు చూసే మా చిన్న ప్రభుత్వ ఆఫీసుకు డిప్యూటీ ఇంజనీరు. నేను ఆయన కింద కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీరును. గుంటూరులో జరిగిన ఆయన జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. పాస్టరు గారు ఆయన్ని 'శాంతమూర్తి' అన్నారు. నా పక్కన కూర్చున్న మా పాత వర్క్ ఇన్‌స్పెక్టరు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత లేచినవాళ్లు 'మృదుభాషి' అన్నారు, 'ఎవరినీ నొప్పించి ఎరగరు' అన్నారు. నేను మాట్లాడలేదు. కానీ బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే అనిపించింది, వీళ్లు ఎవరి గురించి మాట్లాడారు అని. దేవదానం గారు శాంతమూర్తి కారు. మృదువుగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. ఆయన కింద పనిచేసిన కాలంలో, ఈ మనిషికి బదిలీ అయితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన్ని చూడనివాళ్లకు ఆయన్ని ఉన్నట్టుగా చెప్పడమే న్యాయం.

నేను చేరింది మంచి ఎండాకాలంలో. మా నాన్న నరసరావుపేటలో లారీ మెకానిక్. ఆడపిల్ల ఇంజనీరు కావడమే మా బంధువుల్లో ఒక వింత, అది పొలాల వెంట తిరిగే ఉద్యోగమని తెలిశాక ఇంకో వింత. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, ఆర్డరు కాగితం పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. కాగితం చూడలేదు. నా కాళ్ల వైపు చూశారు.

"దేని మీద నిలబడ్డావు?" అన్నారు.

అర్థం కాలేదు. "గచ్చు మీద సార్" అన్నాను.

"నాపరాయి మీద. ఈ పక్క నేల కిందంతా ఇదే. పలకలు పలకలుగా ఉంటది. పలకకూ పలకకూ మధ్య సందు. ఆ సందులో పడ్డ నీళ్లు మళ్లీ మన మొహం చూడవు. మరి చెరువుల్లో నీళ్లు ఎట్టా నిలుస్తన్నయ్యి?"

నాకు తెలియదు. కాలేజీలో కట్ట ఎంత వాలుగా ఉండాలో చెప్పారుగానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన విసుగ్గా పెన్ను బల్ల మీద పడేశారు. "మీ నాన్న ఏం చేస్తాడు?" అన్నారు. చెప్పాను. మొదటిసారి ఆయన మొహం కొంచెం తేటపడింది. "అయితే నీకు గ్యాస్కెట్ అంటే తెలిసే ఉంటది. ఏళ్ల తరబడి చెరువు అడుగున పేరుకున్న ఒండ్రే గ్యాస్కెట్. రాతి సందుల్ని మూసి నీళ్లను పట్టుకునేది అదే. ఇది గుర్తుపెట్టుకుంటే నీకు సగం ఉద్యోగం వచ్చినట్టు. మిగతా సగం చెప్పులు అరిగితే వస్తది. పద."

అదే ఎండలో, ఆ ఇస్త్రీ చీరతోనే, ఆయన నన్ను ఎండిన చెరువులో దింపి నడిపించారు. ఆయన పద్ధతి అది. వానాకాలంలో చెరువులు చూడటానికి వెళ్లేవారు కాదు. తప్పదని ఎవరైనా తీసుకెళితే జీపు దిగేవారు కాదు. "నీళ్లున్నప్పుడు ప్రతి చెరువూ బాగానే కనపడుద్ది. పెళ్లిలో అందరూ మంచోళ్లే" అనేవారు. ఎండలు ముదిరాక మాత్రం చేతిలో గునపం పట్టుకుని ఒక్కో చెరువు అడుగంతా తిరిగేవారు. కొంత దూరానికొకసారి ఆగి గునపం దించి, ఎంత లోతుకు మెత్తగా దిగిందో, ఎక్కడ రాయి తగిలిందో చూసేవారు. గునపం నా చేతికిచ్చి నన్ను కూడా దించమనేవారు. నేను దించితే, "మళ్లీ" అనేవారు. ఎందుకు మళ్లీయో చెప్పేవారు కాదు. మధ్యాహ్నం తిండికి ఆగుదామంటే, "చెరువుకు ఆకలైతందా?" అనేవారు. ఇంటికి వెళ్లి మా అమ్మతో ఆయన్ని తిట్టుకునేదాన్ని. అమ్మ అరికాళ్లకు నూనె రాస్తూ, "నీ బాస్ కన్నా మీ నాన్న వర్క్‌షాపే నయమే" అనేది.

చెరువు ఎగువ అంచున, నీళ్లు పలచగా పరుచుకునే చోట జమ్ము పెరుగుతుంది. ఆ జమ్ము పీకించి శుభ్రం చేయమని ఒకసారి పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. నేను అంచనా తయారుచేసి పట్టుకెళ్లాను.

"పీకితే ఏం వస్తది?" అన్నారు.

"నీళ్లు నిలిచే చోటు పెరుగుతుంది సార్."

"కోళ్లగంపంత పెరుగుద్ది. చేల నుంచి కొట్టుకొచ్చే మట్టిని ఆ జమ్మేగా ఆపేది? అది లేకపోతే నీ గంప పూడటానికి ఒక్క వాన చాలు. చేప గుడ్లు పెట్టేది అక్కడ. నీటికోళ్లు పిల్లల్ని దాచేది అక్కడ. చెరువు ఎండినా అక్కడ పదును ఉంటది, గొడ్లకు గడ్డి ఉంటది. బాగు చేయటం అంటే గొరగటం అనుకుంటారేంది మీరంతా?"

'పదును' అనేది ఆయన మాట. పూర్తిగా నేలా కాని, పూర్తిగా నీరూ కాని ఆ అంచుకు మా ఆఫీసులో వేరే పేరు లేదు. చాలా ఏళ్ల తర్వాత నేను రాష్ట్ర స్థాయిలో చిత్తడి నేలల రక్షణ చూసే విభాగంలో పనిచేశాను. వాతావరణం మారుతోంది, దాన్ని తట్టుకోవాలి అనే సదస్సుల్లో లెక్కలేనన్ని సార్లు కూర్చున్నాను. చల్లటి గదుల్లో, తెర మీద రంగురంగుల పటాలు చూపిస్తూ, ఆయన గునపం పట్టుకుని తిడుతూ చెప్పినవే ఇంగ్లీషులో మెల్లగా చెప్పేవారు. ఆ సదస్సులు ఎప్పుడూ వానాకాలంలోనో చలికాలంలోనో పెట్టేవారు. ఎండాకాలంలో పెట్టగా నేను చూడలేదు.

ఇక అసలు సంగతి. గురజాల నుంచి దాచేపల్లి వైపు వెళ్లే దారిలో, సిమెంటు లారీల దుమ్ము దాటి లోపలికి పోతే వెలగపాడు అనే ఊరు. సాగర్ కాలువ నీళ్లు ఎక్కని మెట్ట మీద ఉంటుంది. ఊరి బావులన్నిటికీ ఊట ఆ ఊరి చెరువు నుంచే. వరసగా వానలు ముఖం చాటేసిన కాలంలో అక్కడ కరువు పని పెట్టారు. చెరువు లోతు చేయించమని ఉత్తరువు. పని నడిపించేది వేరేవాళ్లు, తవ్విన గుంటలు కొలవడం మాత్రమే మా ఆఫీసు వంతు. కూలి తవ్విన కొలతను బట్టి ఇచ్చేవారు. గట్టినేల తవ్వినా, మెత్తటి ఒండ్రు తవ్వినా చెరువు లోపలైతే రేటు ఒకటే. ఆకలితో ఉన్న మనిషి ఎక్కడ తవ్వుతాడు? మెత్తగా ఉన్నచోట. చెరువులో అన్నిటికన్నా మెత్తటి చోటు ఏది? తూము ముందు, ఒండ్రు బాగా పేరుకున్న చోట. అందరూ అక్కడే దిగారు. తీసిన ఒండ్రు చేలకు బలమని రైతులు బండ్లు కట్టి తోలుకుపోయారు. సర్పంచ్ వెంకట్రామయ్య తన దొడ్డి మెరక చేసుకోవడానికి గుట్టలుగా పోయించుకున్నాడు. ఊరవతల దళితుల పల్లెలోవాళ్లు కొత్త కాలనీ ఇళ్లకు నేల వేసుకున్నారు. కూలివాళ్లకు కూలి, రైతులకు ఎరువు, పై ఆఫీసుకు లోతు. అంతమందిని ఒకేసారి సంతోషపెట్టిన ప్రభుత్వపు పని నేను మళ్లీ చూడలేదు.

కొలతలకని మేము వెళ్లేసరికి తూము ముందు పెద్ద గొయ్యి పడింది. దేవదానం గారు గట్టు మీద నుంచే ఒకచోట తెల్లగా కనిపిస్తున్నదాన్ని చూశారు. గొయ్యిలోకి దిగి గునపంతో కొట్టారు. ఖంగుమంది. అక్కడే ఉన్న ఒక సందులో గునపం మొన పెట్టి వదిలితే, అది తనంతట తాను లోపలికి జారింది.

"ఎవరు చెప్పారు ఇక్కడ తవ్వమని?" అని అరిచారు.

పల్లెకు చెందిన మరియమ్మే కూలివాళ్ల ముఠాకు పెద్ద. యాభై దాటిన మనిషి. తట్ట నెత్తిన పెట్టుకునే ఆగింది. "ఒకరు చెప్పాలా సారూ? మెత్తగా ఉంది, తవ్వుతన్నాం."

"ఆపండి. అందరూ పైకి రండి. ఈ చెరువులో ఇంక ఒక్క పలుగు దిగటానికి లేదు."

"ఆపితే కూలో?"

"కూలి తర్వాత. అడుగు ఊడిపోయింది, కనపడతా లేదా?"

మరియమ్మ తట్ట కింద పడేసింది. దేవదానం గారు కూడా అలాంటి పల్లెలోనే పుట్టారనీ, తండ్రి మిషన్ బడి పంతులనీ ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆమె ఆ సంగతే ఎత్తింది. "నిన్ను చూసి మనోడే వచ్చాళ్లే అనుకున్నాం. మనోడే మా నోటికాడ కూడు తీశాడు. పంతులు కొడుకువి, ఒకటో తారీఖున జీతం తిని పెరిగినోడివి. నీకు సంగటి ఎట్టా ఉడుకుద్దో తెలుసా? నీ రాయిని చూసుకుంటన్నావు. మా పొయ్యి చూశావా?"

ఆయన సందులోంచి గునపం లాక్కుని గట్టు ఎక్కారు. తిరిగొచ్చేటప్పుడు జీపులో నేనే ఉండబట్టలేక, "కొంచెం మెల్లగా చెప్పి ఉంటే బాగుండేది సార్" అన్నాను.

"మెల్లగా చెబితే రాయి కప్పుకుంటదా?" అన్నారు. చాలా దూరం వచ్చాక మళ్లీ ఆయనే అన్నారు. "ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదమ్మాయ్. పని ఆపేముందే ఉండాల్సింది."

మర్నాడే ఆ జవాబు వెతకడం మొదలుపెట్టారు. కొండవాలు నుంచి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ ఒకటుంది. తుమ్మకంప మొలిచి, రాళ్లు పడి పూడిపోయింది. అది గట్టినేల కాబట్టి కొలతకు ఎక్కువ రేటు వస్తుంది. పనిని అక్కడికి మార్చమని పై ఆఫీసు చుట్టూ తిరిగి, అరిచి, అరిపించుకుని ఒప్పించారు. మరియమ్మ ముఠా మళ్లీ పనిలోకి దిగింది. కంప గీరుకుని చేతులు రక్తాలు కారుతుంటే, ఆయన వినేటట్టుగా తిట్టుకుంటూ తవ్వేవాళ్లు. ఆయన వింటూ గట్టు మీద తిరిగేవారు. కాలువ తవ్వుకుంటూ పోతే ఒకచోట మాయమైంది. అక్కడ సర్పంచ్ మిరపచేను ఉంది.

వెంకట్రామయ్య పరుగున వచ్చాడు. "ఏంది సారూ, చెరువు పని చెయ్యమంటే నా చేలో పడ్డారు?"

"మీ చేను చెరువు కాలువలో పడిందండీ. పైకి తీస్తన్నాను" అన్నారు దేవదానం గారు.

ఆ మాటకు మరియమ్మ ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. సర్పంచ్ ఆ నవ్వును చాలాకాలం మరిచిపోలేదు. ఫిర్యాదులు పైకి వెళ్లాయి. లోతు చేయమంటే కాలువ తవ్విస్తాడు, పనిని అడ్డుకుంటాడు, ప్రజలతో దురుసుగా మాట్లాడతాడు అని. చివరిది అబద్ధమని నేను ఎలా అనగలను?

తొలకరి ఆ ఏడు బాగానే పడింది. కాలువ బాగుపడటంతో ఎన్నాళ్లుగానో ఎండిన చెరువులోకి నీళ్లు పరుగెత్తి వచ్చాయి. ఊరంతా కట్ట మీదికి చేరి చూశారు. సర్పంచ్ కొబ్బరికాయ కొట్టాడు. అంతా అయ్యాక, తూము ముందు నీళ్ల మీద ఒక చిన్న సుడి కనిపించింది. ఎండుటాకులు దాని చుట్టూ తిరిగి తిరిగి మునిగిపోతున్నాయి. చూస్తుండగానే నీళ్లు అంచు నుంచి వెనక్కి తగ్గడం మొదలైంది. కొన్నాళ్లకు చెరువు మళ్లీ బురదైంది. అప్పుడు ఊళ్లోవాళ్లు ఏమన్నారో తెలుసా? "మీ సారు పని మధ్యలో ఆపబట్టే ఇట్టా అయింది. ఇంకా లోతుకు పోనిచ్చి ఉంటే నీళ్లు నిలిచేయి." ఈ మాట నేను ఆయనకు చెప్పినప్పుడు ఆయన నుదురు బల్లకు ఆనించారు. తర్వాత లేచి, "పద, అడుగుదాం" అన్నారు.

ఏం అడుగుతారో నాకు చెప్పలేదు. వెలగపాడు బడి వరండాలో ఊరివాళ్లను కూర్చోబెట్టి, "మీరు తోలుకుపోయిన ఒండ్రు వెనక్కి కావాలి" అన్నారు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వారు. గొర్రెల కోటయ్య అనే ముసలాయన గోడకు ఆనుకుని, "తిన్న అన్నం కక్కమంటన్నావా సారూ?" అన్నాడు.

"అవును. కక్కకపోతే చస్తాం కాబట్టి."

పెద్దవానలు ఇంకా ముందున్నాయి. ఈలోగా ఆ రాయిని కప్పి గట్టి చేయకపోతే, వచ్చిన నీళ్లన్నీ ఆ సందులోనే పోతాయి. ఒకసారి నీటి దారి పెద్దదైతే ఇంక మూయడం మన తరం కాదు. ఇంత వివరంగా మాత్రం ఆయన చెప్పలేదు. నేను చెప్పాను. ఆయన ఇల్లిల్లూ తిరిగి అడగడం మొదలుపెట్టారు. చేలల్లో కలిపి దున్నేసిన ఒండ్రు ఎలాగూ రాదు. గట్ల మీద, దొడ్లలో గుట్టలుగా మిగిలినదే దిక్కు. అన్నిటికన్నా పెద్ద గుట్ట సర్పంచ్ దొడ్లో ఉంది.

"నా చేలో కాలువ తీశావు. ఇప్పుడు నా దొడ్డి తవ్వుతావా?" అన్నాడు వెంకట్రామయ్య.

"మీ మిరపనారు ఏ నీళ్లతో పోస్తారు?"

"నా బావి నీళ్లతో."

"ఆ బావిలోకి నీళ్లు యాడనుంచి వస్తన్నయ్యి? మీ తాత దాచిపెట్టి పోయాడా?"

సర్పంచ్ కొట్టడానికి వస్తాడేమోనని నేను భయపడ్డాను. రాలేదు. మమ్మల్ని గేటు బయటికి సాగనంపి తలుపు వేసుకున్నాడు. పల్లెలో మరియమ్మ అయితే వాకిట్లోనే నిలబడి ఉంది. "రా సారూ. నా ఇంటి నేల పగలగొట్టి ఇయ్యమంటావా? పలుగు తెమ్మంటావా?" అంది.

"నీది అడగనక్కా."

"ఎందుకడగవు? అడిగి చూడు."

"అడగనన్నాగా!" అని ఆయన అరిచారు. ఆమె కూడా అరిచింది. ఇద్దరూ అలా అరుచుకుంటుంటే చుట్టూ చేరినవాళ్లకు ఏం చేయాలో తోచలేదు. నాకు మాత్రం అప్పుడే వాళ్లిద్దరి మధ్య ఏదో సర్దుబాటు అయినట్టనిపించింది.

తవ్విన చోటే మళ్లీ పూడ్చడానికి కూలి ఇమ్మంటే పై ఆఫీసులో పెద్ద ఇంజనీరు గారు తల పట్టుకున్నారు. "తవ్వించిందీ మనమే, పూడ్పించేదీ మనమేనా? పేపర్లో వస్తే?" అన్నారు. "రానివ్వండి సార్. నిజమేగా" అన్నారు దేవదానం గారు. చివరికి, ఏమైనా అయితే బాధ్యత తనదేనని రాసిచ్చి అనుమతి తెచ్చుకున్నారు. మొదటి రోజు పనికి వచ్చిన మరియమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "తవ్వమంటిరి, తవ్వితిమి. ఆపమంటిరి, ఆపితిమి. ఇప్పుడు పూడ్చమంటిరి. గవర్నమెంటుకు పిచ్చి గానీ పట్టిందా సారూ?"

"పట్టిందక్కా. ఆ పిచ్చికి కూలి కూడా ఇస్తన్నారు. తట్ట పట్టు."

సర్పంచ్ ఒప్పుకున్నానని ఎవరితోనూ అనలేదు. ఆయన బావిలో నీళ్లు అడుగంటి మోటారు గాలి పీలుస్తోందని మాత్రం ఊళ్లో అనుకున్నారు. ఒకరోజు పొద్దున ఆయన ఎడ్లబండి ఒండ్రు నింపుకుని కట్ట ఎక్కింది. దాని వెనక ఇంకొకటి. తోలుకొచ్చిన పాలేరు, "మా అయ్య ఏమీ చెప్పలేదు, తోలమన్నాడంతే" అన్నాడు. దేవదానం గారు కూడా ఏమీ అనలేదు. అనకుండా ఉండటం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఒండ్రు పొరలుగా పోసి, తడిపి తొక్కించాలి. రోడ్డు రోలరు అడిగితే రాలేదు. ఆయన గొర్రెల కోటయ్య దగ్గరికి వెళ్లారు. గొర్రెల డెక్కలు తడిమట్టిని కుమ్మినట్టు ఏ యంత్రమూ కుమ్మదు. మందను అక్కడే కట్టి, రోజూ తొక్కించమని అడిగారు.

"చేలో మంద కడితే ఎరువు పడుద్దని రైతులు గింజలిస్తారు. నీ చెరువు ఏమిత్తది?" అన్నాడు కోటయ్య.

"నీళ్లిస్తది."

"నీళ్లు తాగి గొర్రె బతుకుద్ది గానీ కోటయ్య బతకడు సారూ."

దేవదానం గారు చెరువు ఎగువ అంచు వైపు చెయ్యి చూపించారు. "ఆ జమ్ము పక్క పదునంతా చూడు. దాన్ని పీకించమని నాకు ఉత్తరువు వచ్చింది, పీకించలేదు. ఎండాకాలంలో ఊరంతా ఎండినా అక్కడ గడ్డి ఉంటది. చెరువు నిలిస్తేనే అది ఉంటది. ఇంక నీ ఇష్టం."

కోటయ్య బీడీ మొత్తం తాగేదాకా ఆలోచించి, మందను తోలుకొచ్చాడు. తనిఖీకి వచ్చిన పెద్ద ఇంజనీరు గారు గొర్రెల మధ్య చిక్కుకుని, "ప్రభుత్వ పనిలో గొర్రెలేమిటయ్యా?" అన్నారు. "రోలరు పంపండి సార్, వీటిని ఇంటికి పంపిస్తా" అన్నారు ఈయన. ఆ గొర్రెల వాసనలో, బురదలో, నేను రోజూ చీర మోకాళ్ల దాకా ఎత్తికట్టి పొరలు చూస్తూ తిరిగాను. అంత చిరాకుగా ఎన్నడూ పనిచేయలేదు. అంత శ్రద్ధగానూ చేయలేదేమో.

పెద్దవానలకు ముందే ఆయనకు బదిలీ వచ్చింది. వీడ్కోలు సభ పెడతామంటే, "దేనికి?" అన్నారు. వెళ్లేరోజు తూము తలుపుకు గ్రీజు పెట్టించలేదని నన్ను తిట్టి, బస్సెక్కారు.

చెరువు ఆ ఏడు నిండి అలుగు పారింది. అందరూ నన్ను అభినందించారు. నేను ఆ రోజు వెళ్లి చూశానుగానీ, చూసినట్టు లెక్కలోకి తీసుకోలేదు. ఎండలు ముదిరాక మళ్లీ వెళ్లాను. చెరువు బాగా కుదించుకుపోయింది. కానీ తూము ముందు పచ్చటి నీళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. సుడి లేదు. అంచున జమ్ములో నీటికోళ్లు తిరుగుతున్నాయి, కోటయ్య మంద మేస్తోంది. మరియమ్మ చాపలకని జమ్ము కోస్తోంది. నన్ను చూసి నడుము ఎత్తింది.

"మీ సారుకు చెప్పమ్మాయ్, ఇంకా నీళ్లున్నయ్యని. మా పల్లె బావి కూడా ఎండలేదని చెప్పు. అట్టాగని ఆ రోజు తిట్టిన తిట్లు మాత్రం వెనక్కి తీసుకోనని కూడా చెప్పు."

ఆదివారం గుంటూరులో ఆయన ఇంటికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు. నీళ్లు నిలిచాయని చెప్పాను. తల ఊపారు. మరియమ్మ అన్న మాట చెప్పాను. "కరెక్టే. తీసుకోకూడదు" అన్నారు. ఆయన కళ్లు తడిశాయని రాస్తే బాగుంటుంది గానీ తడవలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "కరువు పనులు ఆపేశారుగా. ఇప్పుడు ఆమె ఏ పనికి పోతంది?" అని అడిగారు.

"తెలియదు సార్. జమ్ము కోస్తుంటే చూశాను."

"చాపలు అమ్ముకుంటే ఇల్లు గడుస్తదా? ఆ ముఠాలో మిగతావాళ్లు ఏమైనట్టు?"

అదీ తెలియదన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నీళ్లు ఉన్నయ్యో లేదో చూడటానికి అంత దూరం పోయావు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ఆ ఒక్కమాట అడగలేకపోయావా? మనం పని ఆపింది చెరువుకు కాదమ్మాయ్, ఆమెకు!" కాఫీ తాగమని కూడా అనలేదు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, "ఇంటికొచ్చిన పిల్ల మీద కూడా అరవాలా మీరు?" అని నన్ను భోజనానికి కూర్చోబెట్టింది. తింటున్నంతసేపూ ఆయన మీద నాకు కోపమే. మంచి కబురు తెచ్చినందుకు ఇదా అని. ఆ కోపంతోనే మర్నాడు వెలగపాడు బస్సెక్కి, పల్లెలో ఇల్లిల్లూ అడిగి తెలుసుకుని వచ్చాను. కొందరు నాపరాళ్ల గనులకు పోతున్నారు. కొందరు ఊరు విడిచిపోయారు. మరియమ్మ మిరపకోతలకు కృష్ణ దాటి పోదామని చూస్తోంది. అదంతా రాసి, ఊళ్లోనే ఏ పని పెట్టవచ్చో రాసి పైకి పంపాను. అందులో కొంత జరిగింది. ఎక్కువ జరగలేదు.

రిటైరైన తర్వాత కూడా నన్ను అప్పుడప్పుడు సలహాకు పిలుస్తుంటారు. ఈమధ్య ఒక చెరువు అంచులో సాగు ఆపించి, దాన్ని రక్షిత చిత్తడి నేలగా ప్రకటించే ప్రతిపాదన ముందుకు వచ్చింది. పిట్టల సంగతి, నీటి సంగతి అన్నీ బాగా రాశారు. కుర్రవాళ్లు కష్టపడ్డారు. అంతా విన్నాక, "ఆ అంచున ఇన్నాళ్లూ దోసకాయలు వేసుకున్నవాళ్లు, జమ్ము కోసుకున్నవాళ్లు రేపటి నుంచి ఏం చేస్తారు?" అని అడిగాను. గదిలో కొందరు గడియారం చూసుకున్నారు. నా గొంతు అప్పటికే పెరిగిందనుకుంటాను.

"ఆ కాలమ్ ఫారంలో లేదు మేడమ్" అన్నాడు ఒకబ్బాయి.

"గీయండి" అన్నాను.

గీసి, ఆ ఊరు వెళ్లి అడిగి, నింపి పంపిస్తామన్నారు. ఇంతవరకు రాలేదు. రెండుసార్లు ఫోను చేశాను. సోమవారం మళ్లీ చేస్తాను.